ఇంటికి పనికొచ్చే టార్చిలైటు ఎంచుకోవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

కరెంటు పోయిన రాత్రి టార్చి ఎంత దూరం కొడుతుందో ఎవరికీ అక్కర్లేదు. అది చేతికి దొరికిందా, నొక్కగానే వెలిగిందా, కరెంటు వచ్చేదాకా నిలిచిందా అన్నదే లెక్క. కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన ల్యూమెన్ల (వెలుతురు కొలత) అంకె చూసి కొనేస్తాం. ఇంటి టార్చికి ఈ వరస తిరగెయ్యాలి. ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు అన్నది ముందు. ఆ తర్వాత బ్యాటరీ. ఆ తర్వాత ఆ టార్చి ఇవ్వగలిగే అతి తక్కువ వెలుతురు ఎంత అన్నది. గరిష్ఠ వెలుతురు గురించి అన్నిటికంటే చివర చూసుకున్నా నష్టం లేదు.

1. ముందు పనుల జాబితా రాయండి

నిజంగానే కాగితం మీద రాయండి. చాలా ఇళ్లలో అది ఇలా ఉంటుంది: కరెంటు పోతే గదిలో వెలుతురు కావాలి. రాత్రి లేచి బాత్‌రూమ్‌కి వెళ్లాలి. మంచం కింద, బీరువా వెనక పడిపోయిన వస్తువు వెతకాలి. ఫ్యూజు బాక్సు దగ్గర ఏ స్విచ్ పడిపోయిందో చూడాలి. సింకు కింద పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టాలి. మందు పెట్టె మీది సన్న అక్షరాలు చదవాలి. బయట ఏదో చప్పుడైతే తలుపు దగ్గర నిలబడి ఒకసారి చూడాలి.

ఆ చివరిది తప్ప మిగతావన్నీ అయిదు మీటర్ల లోపు పనులే. వీటికి కావాల్సిన వెలుతురు మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. చీకటికి అలవాటు పడ్డ కంటికి ఇంట్లో నడవడానికి 1 నుంచి 5 ల్యూమెన్లు సరిపోతాయి. సొరుగులో వెతకడానికి, లేబుల్ చదవడానికి 20 నుంచి 50 చాలు. అంతకు మించితే మెరిసే కాగితం మీద పడి తిరిగి కంట్లోకే కొడుతుంది, అక్షరం కనపడదు. తెల్లటి సీలింగు మీదకి కొట్టి గది మొత్తం వెలిగించాలంటే 150 నుంచి 300 కావాలి. ఆ వెలుతురులో మనుషులు తిరగొచ్చు, వస్తువులు తీసుకోవచ్చు. హాయిగా కూర్చుని చదువుకోవడానికి మాత్రం చాలదు. ఇంటి వెనక, మేడ మీద చూడాలంటే 300 నుంచి 500. వెయ్యి దాటిన టార్చి ఇంట్లో ఉంటే తప్పేమీ లేదు. కానీ ఆ వెయ్యి వాడే సందర్భం ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుందో మీరే ఆలోచించండి.

ఇంకో సంగతి. వెలుతురు రెట్టింపైతే మన కంటికి రెట్టింపు కనపడదు. రెట్టింపు అనిపించాలంటే సుమారు నాలుగు రెట్లు కావాలి. అందుకే 800, 1000 ల్యూమెన్ల టార్చిలు పక్కపక్కన పెట్టినా తేడా తెలియడం కష్టం. డబ్బా మీద మాత్రం తేడా గొప్పగా కనిపిస్తుంది.

జాబితా పక్కనే ఎవరు వాడతారో కూడా రాయండి. చేతి వేళ్లలో పట్టు తగ్గిన పెద్దవాళ్లుంటే బిగుతైన స్విచ్, తిప్పి తెరిచే మూత వాళ్లకి కష్టం. చుట్టం చూపుగా వచ్చినవాళ్లకి మీ టార్చిలో మూడుసార్లు నొక్కితే ఏమవుతుందో తెలియదు. ఇంటి టార్చి అంటే ఎవరూ నేర్పకుండానే ఎవరైనా వాడగలిగేది. నా దృష్టిలో మిగతా అన్ని గుణాలకంటే ఇదే ముఖ్యం.

2. వెలుతురు అంకెలను చదవడం నేర్చుకోండి

డబ్బా మీద ముఖ్యంగా రెండు అంకెలుంటాయి. టార్చి నుంచి అన్ని వైపులకీ కలిపి వచ్చే మొత్తం వెలుతురు ల్యూమెన్లలో చెబుతారు. ఒక దిక్కులో అది ఎంత గాఢంగా పడుతుందో క్యాండెలాలలో చెబుతారు. నీళ్ల పైపు మూతికి వేలు అడ్డం పెడితే అదే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా, అలాగే అవే ల్యూమెన్లను సన్నగా కూడదీస్తే క్యాండెలాలు పెరుగుతాయి, దూరం కొడుతుంది. వెడల్పుగా పరిస్తే గదంతా కనిపిస్తుంది.

ఎంత దూరం కొడుతుంది అన్న అంకె కూడా క్యాండెలాల నుంచే వస్తుంది. టార్చిల కొలతలకి ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం 2009 నుంచి ఉంది. ఒక చోట పడే వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఈ ప్రమాణం ప్రకారం, ఎంత దూరంలో వెలుతురు 0.25 లక్స్‌కి పడిపోతుందో అదే ఆ టార్చి దూరం. 0.25 లక్స్ అంటే ఆకాశం తేటగా ఉన్న పున్నమి రాత్రి నేల మీద పడేంత వెలుతురు. లెక్క తేలికే: క్యాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణించాలి. 10,000 క్యాండెలాల టార్చికి వర్గమూలం 100, కాబట్టి 200 మీటర్లు.

అయితే 200 మీటర్ల దగ్గర నిలబడ్డ మనిషిని మీరు గుర్తుపట్టలేరు. అక్కడ ఉన్నది వెన్నెల మాత్రమే. దూరం సగమైతే వెలుతురు నాలుగు రెట్లవుతుంది. అంటే 100 మీటర్ల దగ్గర 1 లక్స్, 50 మీటర్ల దగ్గర 4 లక్స్. డబ్బా మీది దూరంలో నాలుగో వంతు పనికొస్తుందనుకుంటే నిరాశ ఉండదు.

ల్యూమెన్ల అంకెను కొలిచేది టార్చి వెలిగించాక 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. ఎంతసేపు వెలుగుతుంది అన్న అంకె ఇంకా తమాషా. మొదట్లో ఉన్న వెలుతురులో పదో వంతుకి పడిపోయేదాకా పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి ‘1000 ల్యూమెన్లు, 5 గంటలు’ అని రాసి ఉంటే వెయ్యి ల్యూమెన్లు అయిదు గంటలు వస్తాయని అర్థం కాదు. మొదటి అయిదు నిమిషాలు వెయ్యి ఇచ్చి, ఆ తర్వాత 200కి దిగి, మిగతా సమయమంతా ఆ 200తోనే నడిచినా ఆ మాట అబద్ధం కాదు. ఇలా దిగడం లోపం కూడా కాదు. చిన్న లోహపు గొట్టంలో పది వాట్లు ఖర్చు పెడితే వేడెక్కుతుంది, ఆ వేడికి ఎల్ఈడీ పాడవకుండా లోపలి సర్క్యూటు వెలుతురు తగ్గిస్తుంది. మంచి కంపెనీలు గంట గంటకీ వెలుతురు ఎలా తగ్గుతుందో గ్రాఫు వేసి చూపిస్తాయి. గ్రాఫు ఉంటే అంకెలు వదిలేసి అదే చూడండి.

ఈ ప్రమాణం పేరే లేకుండా ‘లక్ష ల్యూమెన్లు’ అని రాసిన డబ్బాలు ఆన్‌లైన్‌లో బోలెడు. అరచేతిలో ఇమిడే టార్చి మీద అలా ఉంటే మిగతా వివరాలు చదవడం కూడా దండగ.

3. బ్యాటరీ: ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి

ఇంటి టార్చిలు పాడయ్యేది బల్బు వల్ల కాదు. ఎల్ఈడీ వేల గంటలు వెలుగుతుంది. కారిపోయిన సెల్లు, చచ్చిపోయిన బ్యాటరీ, విరిగిన చార్జింగ్ పిన్ను, వీటివల్లే టార్చి మూలన పడుతుంది. అందుకే ముందు బ్యాటరీని ఎంచుకుని, దానికి తగ్గ టార్చిని వెతకడం తెలివైన పద్ధతి.

పెన్సిల్ సెల్లు, అంటే ఏఏ సైజు ఆల్కలైన్. ఎక్కడైనా దొరుకుతుంది, చార్జర్ అక్కర్లేదు, వాడకుండా పక్కన పెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. దీని పెద్ద జబ్బు కారడం. అయిపోయిన సెల్లుని టార్చిలోనే వదిలేస్తే లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొచ్చి స్ప్రింగు మీద తెల్లగా పేరుకుంటుంది, లోహాన్ని తినేస్తుంది. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేసినా ఇదే గతి. ఎక్కువ వెలుతురు లాగే టార్చిలో ఆల్కలైన్ త్వరగా నీరసించిపోతుంది కూడా. తక్కువ వెలుతురుతో ఎక్కువసేపు వెలిగే టార్చికే అది తగినది.

అదే సైజులో 1.5 వోల్టుల లిథియం సెల్లు ఉంది. ఇది ఒకసారి వాడి పారేసేది, చార్జింగ్ పెట్టకూడదు. ఖరీదు ఎక్కువే. కానీ తేలిగ్గా ఉంటుంది, ఆల్కలైన్‌లా కారే బెడద చాలా తక్కువ, చలిలో కూడా పనిచేస్తుంది, వాడకుండా ఉంచితే చార్జి చాలా ఏళ్లు నిలుస్తుంది. కారు డాష్‌బోర్డులోనో అత్యవసర సంచిలోనో పెట్టి మర్చిపోయే టార్చికి ఇంతకంటే మంచిది లేదు.

రీచార్జబుల్ పెన్సిల్ సెల్లు, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, 1.2 వోల్టులది. వోల్టేజీ తక్కువ కదా అని చాలామంది జంకుతారు. ఎల్ఈడీ టార్చిలు ఎక్కువగా దీంతో బాగానే పనిచేస్తాయి. పైగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు ఆల్కలైన్ కంటే ఇదే నిలబడుతుంది. కొనేటప్పుడు ‘లో సెల్ఫ్ డిశ్చార్జ్’ అని ఉన్నదే తీసుకోండి. మామూలు రకం ఊరికే పెట్టి ఉంచినా కొన్ని నెలల్లో ఖాళీ అయిపోతుంది. ఈ రకం ఏడాది తర్వాత కూడా చార్జిలో ఎక్కువ భాగం నిలబెట్టుకుంటుంది.

ఇక లిథియం అయాన్. ఇప్పుడు మంచి టార్చిలన్నీ దాదాపు దీంతోనే వస్తున్నాయి. పేరే కొలత: 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు. 21700 అంటే 21 మందం, 70 పొడుగు. చేతిలో పట్టే టార్చికి 18650 చక్కని సైజు. నిండుగా చార్జి అయితే 4.2 వోల్టులు, మామూలుగా 3.6 లేదా 3.7 అని రాస్తారు. ఇక్కడే మోసం ఎక్కువ. నిజమైన 18650 సెల్లులో పట్టేది గరిష్ఠంగా 3,500 ఎంఏహెచ్ (చార్జి కొలత) చుట్టుపక్కల. దాని మీద 9,900 అని రాసి ఉంటే అది వట్టి స్టిక్కరు.

ఒక చిన్న లెక్క వస్తే ఏ డబ్బా మీది మాటనైనా పరీక్షించొచ్చు. 3,000 ఎంఏహెచ్ సెల్లుని 3.6 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 10.8 వాట్-అవర్లు, అంటే సెల్లులో ఉన్న మొత్తం శక్తి. మంచి ఎల్ఈడీ టార్చి వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే ఆ సెల్లు మొత్తం సుమారు 1,080 ల్యూమెన్-గంటలు. వెయ్యి ల్యూమెన్లు గంటసేపు, 100 ల్యూమెన్లు పది గంటలు, 10 ల్యూమెన్లు నాలుగైదు రోజులు. రీచార్జబుల్ పెన్సిల్ సెల్లు ఒక్కటి చూస్తే, 2,000 ఎంఏహెచ్, 1.2 వోల్టులు, 2.4 వాట్-అవర్లు, 240 ల్యూమెన్-గంటలు. ఒక్క పెన్సిల్ సెల్లుతో ‘500 ల్యూమెన్లు, 8 గంటలు’ అని ఎవరైనా రాస్తే మీకు ఇక జవాబు తెలుసు.

లిథియం అయాన్ టార్చిలో సెల్లు బయటికి తీయగలిగేదా, లోపలే అతికించిందా అన్నది తప్పక చూడండి. కొన్ని వందల సార్లు చార్జి చేశాక ఏ సెల్లయినా నీరసిస్తుంది. తీయగలిగితే కొత్తది వేసుకుంటారు. లేకపోతే బాగున్న టార్చిని పారేస్తారు. తీయగలిగే వాటిలో కూడా కొన్నిటి సెల్లుకి ప్లస్, మైనస్ రెండూ ఒకే కొనన ఉంటాయి. అలాంటిది ఆ కంపెనీ దగ్గరే దొరుకుతుంది, రేపు వాళ్లు ఆపేస్తే అంతే. మామూలు 18650 పట్టే టార్చి తీసుకోవడం మేలు. అతి చార్జింగ్, షార్ట్ నుంచి కాపాడే రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు మామూలు దానికంటే కొన్ని మిల్లీమీటర్లు పొడుగు ఉంటుంది కాబట్టి అది పడుతుందో లేదో అడిగి కొనండి.

జాగ్రత్త చెప్పాల్సింది 14500 అనే లిథియం అయాన్ సెల్లు గురించి. చూడ్డానికి అచ్చం పెన్సిల్ సెల్లులా ఉంటుంది, సైజు కూడా అదే. కానీ వోల్టేజీ రెండింతలకు పైనే. తయారీదారు స్పష్టంగా పడుతుందని చెబితే తప్ప పెన్సిల్ సెల్లు టార్చిలో దాన్ని వెయ్యొద్దు. ఇంట్లో 14500 సెల్లులుంటే పిల్లలు రిమోట్‌లో వేసే ప్రమాదం కూడా ఉంది. వేరే డబ్బాలో పెట్టండి.

మూడు సన్న సెల్లులు, అంటే ఏఏఏ సైజువి, ప్లాస్టిక్ చట్రంలో పెట్టి లోపలికి తోసే టార్చిలు చాలా కనిపిస్తాయి. నేనైతే వద్దంటాను. మూడింట్లో ఒక్కటి చచ్చినా టార్చి గుడ్డిదవుతుంది, చట్రం తిరగేసి పెడితే వెలగదు, దాని స్ప్రింగులు వదులవుతాయి. అవే సెల్లుల బదులు ఒక్క 18650 మూడింతలు పనిచేస్తుంది.

గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే పాత తరహా టార్చిల్లో తరచుగా లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ చార్జి పట్టదు. కరెంటు పోతే వాడి, వచ్చాక చార్జింగ్ పెట్టడం మర్చిపోతే కొన్నాళ్లకే మూలపడేది ఇందుకే. ఉన్నది పారేయక్కర్లేదు, రెండు నెలలకోసారి చార్జి చేస్తూ ఉండండి. చార్జింగ్‌లో ఉండగా మాత్రం వాడొద్దు.

చార్జింగ్‌కి టైప్ సి ఉంటే ఫోన్ కేబులే సరిపోతుంది, కరెంటు లేనప్పుడు పవర్ బ్యాంకు నుంచి కూడా ఎక్కించొచ్చు. ఒక్క మెలిక ఉంది. కొన్ని చవక టార్చిల్లో టైప్ సి రంధ్రం ఉంటుంది గానీ లోపల పెట్టాల్సిన చిన్న రెసిస్టర్లు ఉండవు. వాటికి రెండు వైపులా టైప్ సి ఉన్న కేబుల్ పెడితే చార్జి ఎక్కదు. ఒక వైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబులైతే ఎక్కుతుంది. టార్చి పాడైపోయిందని తిప్పి పంపే ముందు ఇది చూసుకోండి.

4. స్విచ్, మోడ్‌లు

మొదటిసారి నొక్కగానే ఏ వెలుతురు వస్తుంది? ఇంటి టార్చికి ఇది అడగాల్సిన ప్రశ్న. రాత్రి రెండింటికి నొక్కితే వెయ్యి ల్యూమెన్లు మొహాన కొడితే, అప్పటిదాకా కంటికి చీకట్లో పడ్డ అలవాటు ఒక్క క్షణంలో పోతుంది. మళ్లీ పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వయసు పైబడిన కళ్లకి ఆ మిరుమిట్ల ఇబ్బంది ఇంకా ఎక్కువ, అదే సమయంలో మెట్లు దిగాల్సి వస్తే ప్రమాదం. కాబట్టి తక్కువ వెలుతురుతో మొదలయ్యేదో, చివరిసారి వాడిన మోడ్ గుర్తుంచుకునేదో తీసుకోండి. 1 ల్యూమెన్ లోపు ఇచ్చే ‘మూన్‌లైట్’ మోడ్ ఉంటే ఇంకా మంచిది. పక్కన పడుకున్నవాళ్లు లేవకుండా పని అవుతుంది.

మూడు మోడ్‌లు చాలు: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. టకటకా ఆరి వెలిగే స్ట్రోబ్ మోడ్ దొంగని తికమక పెట్టడానికట. దొంగ సంగతేమో గానీ నిద్రమత్తులో నొక్కిన మనిషి తికమకపడడం ఖాయం. ఉంటే ఉండనివ్వండి, మామూలు మోడ్‌ల వరసలో మాత్రం రాకూడదు. రెండుసార్లు టకటకా నొక్కితేనో, చాలాసేపు నొక్కి పట్టుకుంటేనో వచ్చేలా ఉండాలి.

స్విచ్ టార్చి తోకన ఉండొచ్చు, పక్కన ఉండొచ్చు. తోక స్విచ్ క్లిక్కుమని నొక్కుకుంటుంది, ఆపితే కరెంటు పూర్తిగా తెగిపోతుంది. పక్క స్విచ్ ఎక్కువగా ఎలక్ట్రానిక్‌ది, బొటనవేలికి అందుతుంది. కాకపోతే ఆపి ఉంచినా లోపలి సర్క్యూటు కొద్దికొద్దిగా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు తోక మూతని పావు చుట్టు వదులు చేస్తే చాలా టార్చిల్లో ఆ కనెక్షన్ తెగుతుంది, సంచిలో దానంతటది వెలగడం కూడా ఉండదు.

5. వెలుతురు రంగు, బీమ్

నీలం ఛాయ కొట్టే 6,500 కెల్విన్ల (వెలుతురు రంగుకి కొలత) తెలుపు ఎక్కువ వెలుతురులా అనిపిస్తుంది, దుకాణంలో మెరుస్తుంది. ఇంట్లో 4,000 నుంచి 5,000 కెల్విన్లు కంటికి హాయి. రంగులు సరిగ్గా కనపడడం ఇంకో విషయం, దాన్ని సీఆర్ఐ అనే అంకెతో చెబుతారు, 100 గరిష్ఠం. 70 ఉన్న టార్చిలో ఎరుపు, గోధుమ రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. వైర్ల రంగు చూసి కనెక్షన్ ఇవ్వాల్సినప్పుడు, చర్మం మీద దద్దురు చూడాల్సినప్పుడు, మందు బిళ్ల రంగు పోల్చాల్సినప్పుడు 90 దాటినది తేడా చూపిస్తుంది. అదే బ్యాటరీకి ల్యూమెన్లు కొంచెం తగ్గుతాయి. ఇంటికి ఆ బేరం లాభమే.

బీమ్ మధ్యలో చిక్కటి వెలుతురు, చుట్టూ పలచగా పరుచుకునే వెలుతురు రెండూ ఉండాలి. నడిచేటప్పుడు కాళ్ల దగ్గర కనిపించేది ఆ పలచటి వెలుతురులోనే. నున్నటి అద్దంలాంటి రిఫ్లెక్టర్ దూరానికి మంచిది, నారింజ తొక్కలా గరుకుగా ఉన్నది దగ్గరి పనికి మంచిది. ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ టార్చిలంటే చాలామందికి ఇష్టం. వాటిలో కాంతిని సన్నగా చేసినప్పుడు చాలా భాగం లోపలే వృథా అయిపోతుంది, జరిగే భాగం ఉన్నందున నీళ్లు పోయే సందూ ఉంటుంది. సరదాకి బాగుంటుంది, అంతే.

6. ఒళ్లు, నీళ్లు, దెబ్బలు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అల్యూమినియం ఒళ్లు వేడిని బయటికి లాగుతుంది కాబట్టి ఎక్కువ వెలుతురు టార్చికి అదే సరి. 100 ల్యూమెన్ల లోపు దానికి మంచి ప్లాస్టిక్ చాలు, చల్లగా, తేలిగ్గా ఉంటుంది. నీళ్లని, దుమ్ముని ఎంత తట్టుకుంటుందో డబ్బా మీది ఐపీ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే చినుకులు, చిందిన నీళ్లు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఇంటికి మొదటిది కనీసం, బకెట్లో పడే అవకాశం ఉన్నచోట రెండోది. ఐపీ67లో మొదటి 6 దుమ్ముకి సంబంధించింది. ఈ పరీక్షలు చార్జింగ్ రంధ్రం రబ్బరు మూత సరిగ్గా మూసి ఉన్నప్పటి మాట.

గుండ్రటి టార్చి బల్ల మీద పెడితే దొర్లిపోతుంది. ఆరు పలకల తల, లేకపోతే జేబుకి తగిలించే క్లిప్పు ఉంటే ఆగుతుంది. తోక సమంగా ఉండి నిలబడగలిగితే కరెంటు పోయినప్పుడు సీలింగుకి కొట్టి గది దీపంలా వాడొచ్చు. తోకలో అయస్కాంతం ఉంటే ఇనప బీరువాకి, ఫ్రిజ్‌కి అతుక్కుంటుంది. ఈ రెండూ నాకు వెయ్యి ల్యూమెన్లకంటే విలువైనవి.

7. ఎన్ని, ఏ రకాలు?

ఒక పెద్ద టార్చి బదులు రెండు మూడు మామూలువి తీసుకోండి. ఒకటి 18650 సెల్లుది, 300 నుంచి 500 ల్యూమెన్లు, అందరికీ అందేచోట. రెండోది పెన్సిల్ సెల్లు ఒకటో రెండో పట్టే చిన్నది, మంచం పక్కన. మూడోది తలకి కట్టుకునే హెడ్‌ల్యాంపు. చేతి టార్చికి డబ్బు పెట్టి దీన్ని వదిలేస్తారు గానీ, సింకు కింద పైపు బిగించాలన్నా టైరు మార్చాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నోట్లో టార్చి కరిచి పట్టుకుని పని చేసిన ఎవరికైనా ఇది వివరించి చెప్పనక్కర్లేదు. హెడ్‌ల్యాంపుకి 200 ల్యూమెన్లు చాలు, కాంతి వెడల్పుగా పరుచుకోవాలి, దీపం ఉన్న భాగం కిందికి వంగాలి.

ఫోన్ లైటు ఉండగా ఇవన్నీ ఎందుకు అంటారా? కాసేపు వెతకడానికి ఫోన్ లైటు సరిపోతుంది. కరెంటు లేని రాత్రి మాత్రం ఫోన్ బ్యాటరీ ఫోన్ కోసమే మిగలాలి.

8. ఇంటికొచ్చాక పరీక్షించండి

తిప్పి పంపే గడువు లోపలే ఇవి చెయ్యండి. చీకటి గదిలో తెల్ల గోడకి రెండు మీటర్ల నుంచి కొట్టి మచ్చలు, వలయాలు, ఆకుపచ్చ ఛాయ ఉన్నాయేమో చూడండి. కుళాయి సన్నగా తిప్పి ఆ ధార మీద తక్కువ మోడ్‌లో కొట్టండి. ధార ముత్యాల్లా విడివిడిగా కనిపిస్తే వెలుతురు వేగంగా ఆరి వెలుగుతోందన్నమాట, కొందరికి దానివల్ల కళ్లు లాగుతాయి. నిండుగా చార్జి చేసి మధ్యస్థం మోడ్‌లో వదిలి, డబ్బా మీద చెప్పిన సమయంలో సగమైనా నిలిచిందో లేదో గడియారం పెట్టి చూడండి. మొదటి చార్జింగ్ మీరు మెలకువగా ఉండగా, ఎదురుగా పెట్టుకుని చెయ్యండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే అక్కడితో ఆపి తిప్పి పంపేయండి.

చివరిగా ఇంట్లో టార్చి వాడకం తెలియని ఒకరికి ఇచ్చి, లైట్లార్పి, వెలిగించి ఆపమనండి. వాళ్లు తడబడితే ఆ టార్చి మీ సొంతానికి వాడుకోండి, అందరి కోసం వేరేది చూడండి.

9. ఎక్కడ పెట్టాలి, ఎలా చూసుకోవాలి

ఒకే చోటు, ఎప్పుడూ అదే చోటు. తలుపు పక్కన మేకుకి తగిలించినా, ఫ్యూజు బాక్సు కింద అతికించినా సరే, చీకట్లో చెయ్యి చాస్తే తగలాలి. చీకట్లో మెరిసే స్టిక్కరు అంటిస్తే వెతకడం తప్పుతుంది.

లిథియం అయాన్ టార్చిని వాడకుండా పక్కన పెట్టేటట్టయితే సగం చార్జితో, చల్లటి చోట ఉంచితే సెల్లు ఎక్కువ కాలం మన్నుతుంది. అత్యవసరానికి ఉంచుకునే దాన్ని మాత్రం నిండుగానే ఉంచక తప్పదు. ఆ కొంచెం అరుగుదల భరించండి. మూడు నెలలకోసారి చార్జి చూడండి. ఎండలో నిలిపిన కారులో లిథియం అయాన్ టార్చి ఉంచొద్దు.

పెన్సిల్ సెల్లుల టార్చి నెలల తరబడి వాడకపోతే సెల్లులు తీసి పక్కనే పెట్టండి. ఆల్కలైన్ కారితే చేతికి గ్లవ్స్ వేసుకుని, దూదికి వెనిగర్ అద్ది ఆ తెల్లటి పొక్కుని తుడవండి, తర్వాత తడి గుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టండి. పాత తరహా జింక్ కార్బన్ సెల్లు కారితే వెనిగర్ పనికిరాదు, అది స్వయంగా ఆమ్లపు రకం. తడి గుడ్డ చాలు. మూత దగ్గరి రబ్బరు రింగు ఎండిపోతే సన్నగా సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీలాంటివి కొన్ని రకాల రబ్బరుని ఉబ్బిస్తాయి.

10. ప్రమాదాలు

గ్యాస్ వాసన వస్తున్న ఇంట్లో టార్చి వెలిగించొద్దు, ఆర్పొద్దు కూడా. స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. అక్కడ వాడదగిన ప్రత్యేక టార్చిలున్నాయి గానీ ఇళ్లలో ఉండేవి అవి కావు. చీకటైనా సరే చేత్తో తడుముకుంటూ బయటికి వచ్చేయండి.

తాళాల గుత్తికి తగిలించే బుల్లి టార్చిల్లో బటన్ సెల్లులుంటాయి. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మూత స్క్రూతో బిగించిన వాటినే ఇంట్లోకి రానివ్వండి. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎక్కువ వెలుతురు మోడ్‌లో టార్చిని బోర్లా పరుపు మీద పెట్టొద్దు. ముందువైపు వేడికి గుడ్డ కాలుతుంది.

ఉబ్బిన, గీతపడిన, పై తొడుగు చిరిగిన లిథియం సెల్లుని మళ్లీ చార్జి చెయ్యొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. రెండు కొనలకీ టేపు అంటించి, కాలే వస్తువులకి దూరంగా ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.